సూదికి ముందు పాల పరీక్ష



పాడి గేదెకు పొదుగు వాచిందంటే ఇంటిల్లిపాదికీ బెంగే గదా. పాలలో తరకలు కనబడతాయి, చనుకట్టు వేడిగా ఉంటుంది, చెయ్యి వేస్తే గేదె తంతుంది. అప్పుడు మనలో చాలామంది చేసే పని ఏమిటంటే, క్రితం ఈతలో వాడిన మందు పేరు జ్ఞాపకం చేసుకుని, అదే తెప్పించి సూది వేయించడం. రెండు రోజులకు తగ్గకపోతే ఇంకొక మందు. ఈలోగా పొదుగులో ఆ భాగం గట్టిపడి, ఆ చన్ను ఎందుకూ పనికిరాకుండా పోవచ్చు.

పొదుగువాపు ఒకే క్రిమి వల్ల వచ్చేది కాదు. స్టాఫిలోకాకస్, స్ట్రెప్టోకాకస్, ఇ.కోలై, క్లెబ్సియెల్లా, ఇలా ఎన్నో ఉన్నాయి. ఒకదానికి పట్టే మందు మరొకదానికి పట్టదు. ఒకే జాతి క్రిమిలో కూడా కొన్ని రకాలు మందును తట్టుకుంటాయి. కొన్ని స్టాఫిలోకాకస్ రకాలు పెన్సిలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమును తామే తయారు చేసుకుంటాయి. ఆ శక్తి వాటి జన్యువులలో ఉంది.

పాత పద్ధతిలో పాలలోని క్రిమిని ప్రయోగశాలలో పెంచి, దానిపై మందుబిళ్ళలు ఉంచి చూస్తారు. ఇందుకు రెండు మూడు రోజులు పడుతుంది. కొత్త పద్ధతిని పి.సి.ఆర్. అంటారు. దీనిని 1983లో కేరీ మల్లిస్ అనే అమెరికా శాస్త్రవేత్త కనిపెట్టారు. 1993లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇందులో క్రిమిని పెంచే పని లేదు. దాని జన్యువులో మనకు కావలసిన ముక్కను మాత్రం ఎన్నుకుని, వేడి చేస్తూ చల్లారుస్తూ నకళ్ళు తీస్తారు. ఒకటి రెండు, రెండు నాలుగు, ఇలా 30 మార్లు రెట్టిస్తే లెక్కకు 100 కోట్లు దాటుతుంది. ముక్క ఉంటే బయటపడుతుంది, కొద్ది గంటలలోనే.

అట్లాగని దీన్నే నమ్ముకుని కూర్చోవడం కూడా మంచిది కాదు. ఇంగ్లండులో ఆవు పాల నుండి తీసిన కొన్ని స్టాఫిలోకాకస్ క్రిములు పెంచి చూస్తే మెథిసిలిన్ మందుకు లొంగలేదు. పి.సి.ఆర్.లో మాత్రం ఆ మందును తట్టుకునే ‘మెక్-ఎ’ జన్యువు కనబడలేదు. తరచి చూడగా, దానికి దాయాది వంటి మరొక జన్యువు ఉన్నదని 2011లో వెల్లడి చేశారు. ఇప్పుడు దాన్ని ‘మెక్-సి’ అంటున్నారు. అంటే ఈ పరీక్ష మనం అడిగిన దానికే జవాబు చెబుతుంది, అడగనిది చెప్పదన్న మాట. చచ్చిన క్రిమి జన్యువును కూడా ఇది పట్టిస్తుంది కాబట్టి, వైద్యం అయ్యాక ఫలితం చూసి గాబరా పడనక్కరలేదు. ఏ మందు పనిచేయకపోవచ్చో ఇది బాగా చెబుతుంది. ఏది తప్పక పనిచేస్తుందో చెప్పడానికి పాత పద్ధతే మేలు. రెండూ కావాలి.

ఈ పరీక్ష ప్రతి ఊరి ఆసుపత్రిలోనూ ఉండదు. ఎక్కడికి పంపాలో పశువుల డాక్టరుగారే చెబుతారు. నమూనా తీయడం మాత్రం మన చేతిలో పని. మొదటి సూది పడకముందే తీయాలి. చనుకట్టు కడిగి, పొడిగుడ్డతో తుడిచి, చివరను స్పిరిట్ దూదితో రుద్దాలి. మొదటి నాలుగు ధారలు వేరే గిన్నెలోకి వదలాలి. తరువాత డాక్టరుగారు ఇచ్చిన శుభ్రమైన సీసాను ఏటవాలుగా పట్టుకుని, చన్ను తగలకుండా పితకాలి. చేతి మురికి పడితే పరీక్షలో తేలేది మన చేతి క్రిమే! సీసామీద గేదె గుర్తు, ఏ చన్ను, తేదీ రాసి, ఐసులో పెట్టి ఆ రోజే పంపండి. గేదెకు జ్వరం వచ్చి మేత మానేస్తే ఫలితం కోసం ఆగవద్దు. నమూనా తీసిన వెంటనే డాక్టరుగారిచేత వైద్యం మొదలుపెట్టించండి.

ఆ రోజులలో పాలు తోడు వేస్తే సరిగా తోడుకోకపోవడం ఇల్లాళ్ళు చూసే ఉంటారు. పాలలోకి దిగిన మందు పెరుగు క్రిములను కూడా చంపుతుంది. కాచినంత మాత్రాన ఆ మందు పోదు. డాక్టరుగారు చెప్పిన గడువు తీరేవరకు ఆ పాలు కేంద్రానికి పోయవద్దు, ఇంట్లో పిల్లలకు ఇవ్వవద్దు, దూడకు కూడా తాపవద్దు.