తపాలాబిళ్లల బేరము – ఒక కుటుంబ చరిత్ర



ఉత్తరముమీద ముద్ర పడినంతనే తపాలాబిళ్ల పని తీరినదని మనమనుకొందుము. అమెరికాలోని సండ్‌మన్ కుటుంబమునకు ఆ బిళ్లయే జీవనాధారమైనది. మేనార్డ్ సండ్‌మన్ రెండవ ప్రపంచయుద్ధమునుండి తిరిగివచ్చి, 1945లో భార్య ఫానీతో కలసి, న్యూహాంప్‌షైర్ రాష్ట్రమందలి లిటిల్‌టన్ అను చిన్న ఊర టపాద్వారా బిళ్లలమ్ము వ్యాపారమును ప్రారంభించెను.

ఆ వ్యాపారపు పద్ధతి వినదగినది. బిళ్లలు ముందు పోవును. సొమ్ము తరువాత వచ్చును. కొనువాడు, తరచుగా ఒక బడిపిల్లవాడు, నచ్చినవి ఉంచుకొని, వాటి వెల పంపి, తక్కినవి త్రిప్పి పంపవలెను. మన వి.పి.పి.లో రొక్కము చెల్లించనిదే పొట్లము చేతికి రాదు గదా! అచ్చట ముఖమెరుగని బాలుని మాటయే పూచీ. కవరు తిరిగిరాకున్న నష్టము ఆ ఇంటిదే.

1974లో ఆ కుటుంబము న్యూయార్క్ రాష్ట్రపు కామ్డెన్‌లోని మిస్టిక్ కంపెనీని కొనెను. దాని భారమును కుమారుడు డాన్ వహించెను. ఆతడు 1998లో, 1868 నాటి ఒక్క సెంటు ‘జెడ్ గ్రిల్’ బిళ్లను 9,35,000 డాలర్లకు కొనెను. తెలిసినంతవరకు అట్టివి రెండే. రెండవది న్యూయార్క్ ప్రజాగ్రంథాలయపు సొత్తు. 2005లో డాన్ దానిని బిల్ గ్రాస్ అను సేకర్తకిచ్చి, విమానపు బొమ్మ తలక్రిందుగా అచ్చయిన 1918 నాటి నాలుగు బిళ్లల ఖండమును పుచ్చుకొనెను. పైకము ప్రసక్తియే లేదు. బడిపిల్లలవలెనే బిళ్లకు బిళ్ల మార్చుకొనిరి.