తల్లీ కొడుకుల లెక్క



లెక్కలంటే చాలామందికి భయం. కాని మాదన్నపేట మండీలో బేరం చేసే ఆడవాళ్లను చూడండి. కూరలు సంచిలో పడేలోపే వాళ్ల నోట లెక్క అయిపోతుంది. వాళ్లకు లెక్క రాక కాదు. కాగితం మీద పెట్టడం రాదు, అంతే.

సైదాబాద్‌లో ఒక తల్లి ఉంది అనుకుందాం. ఆమె కొడుకు ఏడో తరగతి. ఒక రాత్రి వాడు పుస్తకం ముందేసుకుని దిగులుగా కూచున్నాడు.

"ఏందిరా, అట్ల కూచున్నవ్?"

"లెక్క వస్తలేదమ్మా. ఒక సంఖ్యను 3 రెట్లు చేసి 5 కలిపితే 65 అంట. ఆ సంఖ్య ఎంత? ఎక్స్ అనుకోమన్నరు."

"ఎక్స్ అంటే?"

"మనకు తెలియనిది."

తల్లి నవ్వింది. "మూడు మూరల మల్లెపూలు కొన్న. 5 రూపాయల కొత్తిమీర కొన్న. మొత్తం 65 అయినయి. మూర ఎంత పడ్డది?"

వాడు వేళ్లు మడిచాడు. కొత్తిమీర పైసలు ముందు తీసెయ్యాలి. 65లో 5 పోతే 60. అది మూడు మూరల ధర. 60ని 3తో భాగిస్తే 20. సరి చూశాడు. మూడు ఇరవైలు 60, 5 కలిపితే 65. ఎక్స్ అంటే 20!

సమానం గుర్తు తక్కెడ లాంటిది. ఒక పళ్లెంలోంచి 5 తీస్తే రెండో దానిలోంచీ 5 తీయాలి. లేకుంటే ముల్లు ఒరిగిపోతుంది.

ఇక రెండో లెక్క. అది వాడిది కాదు, తల్లిది. ఊరి బయట ఒక ప్లాటు బేరానికి వచ్చింది. 60 గజాలు అన్నాడు అమ్మేవాడు. గజం 8,000 రూపాయలు. టేపు పెడితే పొడవు 27 అడుగులు, వెడల్పు 18 అడుగులు.

గజమంటే 3 అడుగులు కదా అని చాలామంది ఇక్కడే మోసపోతారు. తాడును కొలిచే గజం వేరు. నేలను కొలిచే గజం 3 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు. అంటే 9 చదరపు అడుగులు. కొడుకు కాగితం మీద గళ్లు గీశాడు. 27లో 3 అడుగుల గళ్లు 9. 18లో 6. తొమ్మిది ఆర్లు 54.

54 గజాలే! 6 గజాలు తక్కువ. అంటే 48,000 రూపాయలు. ఎన్నేళ్ల కష్టమో!

ఇంకో మెలిక ఉంది. ఎదురెదురు భుజాలు సమానంగా ఉన్నా, ప్లాటు పక్కకు ఒరిగి ఉంటే నేల ఇంకా తగ్గుతుంది. అందుకే మేస్త్రీలు మూలమట్టం చూస్తారు. మూల నుంచి ఒక గోడ మీద 3 అడుగులు, రెండో గోడ మీద 4 అడుగులు గుర్తు పెడతారు. ఆ రెండు గుర్తుల మధ్య సరిగ్గా 5 అడుగులుంటే మూల సరైనది.

ఇవి కొత్త చదువులు కావు. 900 ఏళ్ల కిందటే పావులూరి మల్లన మహావీరాచార్యుని సంస్కృత గణితాన్ని తెలుగు పద్యాల్లో రాశాడు.

తెల్లారి ఆమె టేపు, తాడు, కొడుకు గీసిన గళ్ల కాగితం సంచిలో పెట్టుకుంది. అమ్మేవాడి ముందు కాగితం పరిచి, "54 గజాలకే పైసలిస్త" అంది.