నివేదిక ఎవరి చేతికి చేరాలి?



మానవ హక్కులు, న్యాయ సంస్కరణ, ప్రజారోగ్యం అనే మాటలు నేడు అంతర్జాతీయ సలహా సంస్థల పత్రాలలో విరివిగా కనిపిస్తున్నవి. ఆ సలహా ఎవరిని అడిగి తయారైనది, ఎవరి చేతికి చేరినది అన్నదే మన ప్రశ్న.

1999లో మన రాష్ట్ర ప్రభుత్వం విజన్ 2020 పత్రాన్ని వెలువరించింది. దాని రూపకల్పనలో మెకిన్సీ అనే విదేశీ సలహా సంస్థ తోడ్పడింది. సేద్యం మీద బతికేవారి సంఖ్య డెబ్బై శాతం నుండి నలభై శాతానికి తగ్గాలన్నది అందులోని ఆలోచన. 2001లో మెదక్ జిల్లాలో ‘ప్రజాతీర్పు’ పేరిట చిన్న రైతులు జూరీగా కూర్చుండి, నిపుణులను ప్రశ్నించి, ఆ ఆలోచనను తిరస్కరించారు. వారిలో అధికులు స్త్రీలు. అడిగితే తీర్పు చెప్పగల వివేకం మన పల్లెలకు ఉన్నదని ఆనాడు రుజువైనది.

అలాగని అధ్యయనాలన్నీ వ్యర్థమని నా అభిప్రాయం కాదు. ముస్లింలకు ఐదు శాతం రిజర్వేషన్ కల్పించే ప్రయత్నాలు 2004లోను, 2005లోను హైకోర్టులో నిలువలేదు. 2007లో పి.ఎస్. కృష్ణన్ గారు ప్రభుత్వ సలహాదారుగా మన సమాజంలోని వెనుకబాటును వృత్తుల వారీగా, వర్గాల వారీగా పరిశీలించారు. అత్తరు సాయిబులు, ఫకీర్లు, గారడీవారు తదితర పద్నాలుగు వర్గాలకు బీసీ-ఇ కింద నాలుగు శాతం లభించింది. 2010లో హైకోర్టు దానిని కొట్టివేసినా, సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది కొనసాగింది. మనుషులను పేరుపేరునా గుర్తించిన అధ్యయనానికి అంతటి బలం ఉన్నది.

ఇక మన గుంటూరు మిర్చి యార్డును చూడండి. ఎగుమతయ్యే కాయను పురుగుమందుల అవశేషాల కోసం, అఫ్లాటాక్సిన్ కోసం పరీక్షిస్తారు. దూరదేశంలో తినేవాని ఆరోగ్యం కోసమే ఆ పరీక్ష, అది న్యాయమే. అయితే ఆ కాయలకు తొడిమలు తీసిన మన ఆడబిడ్డ ఊపిరితిత్తులను పరీక్షించినవారెవరు? ఘాటుకు దగ్గుతూ, చేతుల మంటకు నూనె రాసుకొని మరునాడు మళ్ళీ పనికి వచ్చే ఆమె పేరు ఏ పత్రంలో ఉన్నది? టిక్కీకి తూకం చీటీ ఉన్నది. ఆమె కష్టానికి చీటీ ఏది? ప్రత్తి చేనులో మందు కొట్టే కూలీదీ ఇదే గాథ.

కాబట్టి సర్వేకు వచ్చినవారిని మర్యాదగా కూర్చుండబెట్టి మూడు మాటలు అడగండి. ఈ పనికి డబ్బు ఎవరిది? మా జవాబులు ఎవరికి చేరుతాయి? నివేదికను తెలుగులోనో ఉర్దూలోనో మాకు ఎప్పుడు చదివి వినిపిస్తారు? ప్రభుత్వం చేయించిన అధ్యయనమైతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద ప్రతిని కోరవచ్చు. కూలి ఎగవేసినా, పనిలో గాయపడినా, 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం స్త్రీలు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు ఇస్తే చాలు.

మన బాధ ఇతరుల నివేదికకు ముడిసరుకుగా మాత్రమే మిగిలిపోరాదు. చెప్పినది మనం, వినే హక్కు కూడా మనదే. వచ్చే మిర్చి కోతల నాటికి ప్రతి మొహల్లా నుండి తొడిమలు తీసే ఇద్దరు స్త్రీలనైనా ఇటువంటి సభలో శ్రోతలుగా కాక వక్తలుగా నిలుపుదాం.