హనుమకొండలో మూడేండ్లు

విదేశములకు పోయి వచ్చినవారి ముచ్చటలు వినుట మనకందరకు ఇష్టమే. స్పెయిను దేశమున ఏదో ఒక చిన్న పట్టణములో ఏడాది కాపురముండి వచ్చినవారు, అచట మధ్యాహ్నపు టెండకు దుకాణములు మూసి జనులెట్లు విశ్రమింతురో, సాయంకాలమున పిల్లలు పెద్దలు ఊరి నడిమి చౌకమునకు ఎట్లు చేరుదురో చెప్పుచుండగా చెవియొగ్గి విందుము. నేను చేసిన యాత్ర అంత దూరపుది కాదు. రాజమహేంద్రవరమున రాత్రి రైలెక్కి, ఇంకను తెల్లవారకముందే కాజీపేటలో దిగితిని. ఎక్కినచోటను తెలుగే; దిగినచోటను తెలుగే. అయినను కొన్ని నెలలపాటు నేను పరదేశమున ఉన్నట్లే ఉంటిని. ఆ తప్పు ఊరిది కాదు, నాది. ఆ సంగతియే నేడు మీతో మనవి చేయదలచితిని.

అది 2021 ఆగస్టు నెల. మా అబ్బాయికి హనుమకొండలో ఉద్యోగము. పసివాడైన మనుమని చూచుకొనుటకు ఒక మనిషి కావలసి వచ్చినది. ముప్పది యేండ్లు బడిలో తెలుగు చెప్పి విరమించినదానను కనుక, మూడు నెలలు ఉండి పోదమని బయలుదేరితిని. మూడు నెలలు కాస్తా మూడేండ్లకు దగ్గరయినవి. నేను వచ్చిన నెలలోనే వరంగల్ అర్బన్ జిల్లాకు హనుమకొండ జిల్లా యని పేరు మారినది. అంతకు ముందు నెలలోనే పాలంపేటలోని రామప్ప దేవాలయమునకు ప్రపంచ వారసత్వ కట్టడమను గౌరవము లభించినది. ఊరిలో ఎవరిని పలుకరించినను ఆ రెండు మాటలే.

హనుమకొండ, వరంగల్, కాజీపేట అను మూడు పట్టణములు ఒకదానినొకటి అంటుకొని యుండుటచే ఈ ప్రాంతమును త్రినగరి యందురు. ఎటు చూచినను రాతి గుట్టలే. గోదావరి గట్టున పుట్టి పెరిగిన కంటికి మొదట ఆ రాయి కఠినముగా తోచినది. మాకు నీరన్న నది. ఎండకాలమైనను, వానకాలమైనను కంటియెదుట పారుచునే యుండును. ఇచట నీరన్న చెరువు. వానను వృథాగా పోనీయక కట్ట వేసి పట్టుకొనవలెను. పాకాల, రామప్ప, లక్నవరము మొదలగు చెరువులు కాకతీయుల కాలము నుండి ఆ పని చేయుచున్నవి. దయతో వచ్చిన నీటికిని, కష్టపడి నిలుపుకొన్న నీటికిని గల భేదము కొళాయి క్రింద బిందె పెట్టిన మొదటి వారముననే నాకు తెలిసినది. మా క్రింది వాటాలోని ఇంటి యజమానురాలు, డెబ్బది యేండ్లు దాటిన వృద్ధురాలు, బియ్యము కడిగిన నీటిని కూడ పారబోయక పూలచెట్టుకు పోయుచుండెను.

మా ఇంటి నుండి పద్మాక్షి గుట్ట నడిచిపోదగిన దూరము. ఆ గుట్టమీద జైన తీర్థంకరుల శిల్పములు, వానితోనే అమ్మవారి పూజ. ఊరి నడుమ వేయి స్తంభముల గుడి. దానిని రుద్రదేవుడు 1163లో కట్టించెను. శివునికి, విష్ణువునకు, సూర్యునకు మూడు గర్భగృహములను ఒక్క కప్పు క్రింద నిలిపిన గుడి అది. దూరమునుండి వచ్చువారు దానిని చూడవత్తురు. ఊరివారికి అది వాడుకలోని గుడి. కూరగాయల సంచితో వచ్చి నందికి మ్రొక్కి పోవువారు, పరీక్షకు ముందు ఒక ప్రదక్షిణము చేయు పిల్లలు, గట్టు మీద కూర్చుండి మోకాళ్ళు ఒత్తుకొను ముసలివారు. కొన్ని నాళ్ళకు నేనును ఆ మూడవ జట్టులో చేరితిని.

ఇక అంగడి మాట. మొదటి రెండు రోజులు ఈ ఊరిలో గోంగూర దొరకదని మా కోడలితో ఫిర్యాదు చేసితిని. వీధిలో తోపుడుబండి అవ్వ ‘పుంటికూర, పుంటికూర’ అని కేక వేయుచునే యున్నది. అదేదో కొత్త ఆకు కాబోలునని నేను తలుపు తీయలేదు. మూడవ నాడు తీసి చూతును గదా, ఎఱ్ఱని కాడలతో నిగనిగలాడుచు మా గోంగూరయే! అటులనే ఉల్లిపాయ ఉల్లిగడ్డ, వెల్లుల్లి ఎల్లిగడ్డ, బంగాళాదుంప ఆలుగడ్డ. నేను నవ్వుకొంటిని. ఆ నవ్వులో కొంచెము గర్వమున్నది. సరియైన మాట నాది, తక్కినది వాడుకలో చెడిన మాట యని లోలోపల నమ్మియుంటిని. ముప్పది యేండ్లు ఎఱ్ఱ సిరా కలము పట్టిన చేతికి ఆ నమ్మకము సహజముగా అబ్బును.

ఇంటి యజమానురాలి మనుమరాలు ఆరవ తరగతి చదువుచుండెను. చురుకైన పిల్ల. నేను ఉపాధ్యాయురాలనని తెలిసి, సాయంకాలములు పుస్తకములు పట్టుకొని మేడమీదికి వచ్చుచుండెను. ఒకనాడు ‘మా ఇల్లు’ అని ఒక పుట వ్రాసి తెచ్చినది. ‘మా ఇంట్ల రెండు అర్రలున్నయి. దర్వాజ ముంగట మా నాయినమ్మ ముగ్గు ఏస్తది. పొద్దుగాల నేను సల్ల తాగి బడికి పోత.’ ఇట్లు సాగినది. నేను కలము తీసితిని. అర్ర కొట్టివేసి గది యంటిని. దర్వాజ కొట్టివేసి తలుపంటిని. సల్ల కొట్టివేసి మజ్జిగ యంటిని. పుట నిండ ఎఱ్ఱ గీతలు. పిల్ల ఏమియు అనలేదు. పుస్తకము మూసికొని క్రిందికి పోయినది.

మరునాడు రాలేదు. మరి వారము రోజులు రాలేదు. మెట్లమీద ఎదురైనచో ‘ఆఁ’ యనును, ‘ఊఁ’ యనును. అంతకు మించి పలుకదు. జ్వరమేమో యనుకొని నేనే క్రిందికి పోయితిని. వృద్ధురాలు నన్ను కూర్చుండబెట్టి, ఒక గ్లాసు చేతికిచ్చి, నిదానముగా అన్నది:

“పిల్ల నీ ముంగట నోరు తెరుస్తలేదు బిడ్డా. మాట్లాడితే తప్పయితదేమోనని బుగులు పడుతున్నది. అది మా ఇంటి మాటనే రాసింది గద. మా ఇల్లంత తప్పేనా?”

ఆ గొంతులో కోపము లేదు. నిజముగనే తెలియక అడిగినట్లుండెను. నా చేతిలోని గ్లాసు వంక చూచితిని. అందులో ఉన్నది చల్ల. ‘చల్లకు వచ్చి ముంత దాచినట్లు’ అను సామెతను నేను ఎన్ని తరగతులకు చెప్పలేదు! మా గోదావరి సీమలో ఎవ్వరును దానిని ‘మజ్జిగకు వచ్చి’ అని మార్చలేదు. మేము సామెతలో మాత్రమే దాచుకొన్న పాత తెలుగు మాటను ఈ ఇంటివారు నిత్యము గ్లాసులో పోసి ఇచ్చుచున్నారు. దానిని నేను ఎఱ్ఱ సిరాతో కొట్టివేసితిని.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అర్ర యన్నదేమి? అఱ యనునది మన పాత మాట కాదా? దర్వాజ పారసీక పదమందుమా, నేను దిద్దిన పుస్తకము నా కుర్చీ ప్రక్కనే యున్నది. ఆ కుర్చీ అరబ్బీ నుండి వచ్చినది. మా అబ్బాయి జేబు, మా జిల్లా, మా ఖర్చులు అన్నియు ఆ త్రోవన వచ్చినవే. మా యింటికి వచ్చిన చుట్టము చుట్టమట. పొరుగింటికి వచ్చిన చుట్టము పరాయివాడట! ఇదెక్కడి న్యాయము?

ఆ మరుసటి వారము మరియొక సంగతి జరిగినది. చదువుకొనుటకు గ్రంథాలయమేదైన కలదా యని అడుగగా, శ్రీ రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము కలదని చెప్పిరి. ఆ పేరు విని నిలిచిపోతిని. రాజరాజనరేంద్రుడు మా ఊరి రాజు గదా! పదునొకండవ శతాబ్దమున రాజమహేంద్రవరము రాజధానిగా ఏలి, నన్నయభట్టుచే మహాభారతమును తెలిగింపజేసిన ప్రభువు. ఆయన పేరు ఈ రాతి గుట్టల నడుమ ఎట్లు వెలసినది?

ఈ భాషానిలయము 1904లో స్థాపితమైనది. నాడు ఈ ప్రాంతము నిజాము రాజ్యములో నుండెను. కచేరీలలో ఉర్దూ; పెద్ద చదువులు ఉర్దూలో. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునను బోధన ఉర్దూలోనే ప్రారంభమైనది. అట్టి కాలమున తెలుగు పుస్తకము నాలుగు చేతులలో పడవలెనని తలచినవారు 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయల పేరను, మూడేండ్లకు హనుమకొండలో రాజరాజనరేంద్రుని పేరను గ్రంథాలయములు నెలకొల్పిరి. కాకతీయుల తొలి రాజధానిలో నిలువబెట్టు సంస్థకు కాకతీయుల పేరు దొరకక కాదు. తెలుగునకు ఆదికావ్యము నిప్పించిన రాజు ఏ ఊరివాడైనను తమవాడే యనుకొనిరి. వారు నూఱేండ్లకు పూర్వమే మా నన్నయను తమవానిగా చేసికొనిరి. నేను వారి పిల్ల నోటి మాటను నాది కాదంటిని. ఆ ద్వారము ముందు నిలుచుండి సిగ్గుపడితిని.

ఈ ఊరిలోనే కాళోజీ నారాయణరావుగారు జీవితములో చాల భాగము గడపిరి. 1914 సెప్టెంబరు 9వ తేదీన కన్నడ దేశములోని రట్టిహళ్ళిలో పుట్టిన ఆయన తల్లి కన్నడపు ఆడపడుచు, తండ్రి మహారాష్ట్రుడు. అట్టి ఇంట పుట్టిన మనిషి జనుల నోట నానిన తెలుగే బ్రదికిన తెలుగని జీవితాంతము వాదించి, ఆ తెలుగులోనే కవిత వ్రాసెను. 2002లో ఆయన గతించిరి. తెలంగాణలో ఆయన పుట్టిననాడు భాషా దినోత్సవము జరుపుచున్నారు. ఆ సెప్టెంబరులో ఆ ఉత్సవపు ప్రకటన గోడమీద చూచినప్పుడు, నాకు బోధపడవలసినది ముందే బోధపడియుండెను.

నేను పిల్లను పిలిచితిని. ఆ పుట తెమ్మని అడిగి, నా గీతల క్రింద వేరు సిరాతో ‘ఈ మాటలు సరియైనవే, దిద్దినది పొరపాటు’ అని వ్రాసి సంతకము పెట్టితిని. పిల్ల నమ్మలేక చూచినది. ‘బడి పరీక్షలో ఏ మాట వ్రాయవలెనో నేను నీకు చెప్పెదను, ఇంటి మాట నీవు నాకు చెప్పవలెను’ అని బేరము కుదుర్చుకొంటిమి. ఒక కొత్త నోటు పుస్తకము కొంటిమి. ప్రతి సాయంకాలము పిల్ల చెప్పును, నేను వ్రాయుదును. సోపతి యన స్నేహము. బుగులు యన భయము. పైలము యన పదిలము. ‘బువ్వ’ మా వైపున పసిపిల్లల మాట. ఇచట పెద్దలును బువ్వయే తిందురు. తప్పు పలికినప్పుడెల్ల పిల్ల నా చెవి మెలిపెట్టునట్లు అభినయించును. ముప్పది యేండ్లకు నేను మరల బడిలో కూర్చుంటిని.

ఆ పుస్తకము నిండుచుండగా ఊరు నాకు తలుపులు తీసినది. ఆశ్వయుజమున బతుకమ్మ వచ్చినది. అమావాస్యనాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై తొమ్మిదవనాడు సద్దుల బతుకమ్మతో ముగియును. మేము పూలతో దేవుని పూజింతుము. వీరు పూలనే దేవతగా పేర్తురు. తంగేడు, గునుగు, బంతి, నడుమ గుమ్మడిపూవు. గునుగు పూలకు రంగు అద్దుట నాకు పిల్ల నేర్పినది. గట్టున పెరిగిన కలుపు మొక్క పూవునకు అగ్రస్థానమిచ్చు పండుగ మరియొకటి నేనెరుగను. వేయి స్తంభముల గుడి ఆవరణమున వందలాది స్త్రీలు వలయములుగా తిరుగుచుండ, వృద్ధురాలు నన్ను చేయిపట్టి లోనికి లాగినది. అడుగు తప్పితిని, ఎవ్వరును దిద్దలేదు. ప్రక్కనున్నామె కొంచెము నెమ్మదిగా నడచినది, అంతే. నేర్పుట యన్న అది గదా యనుకొంటిని.

సంక్రాంతికి సకినాలు. బియ్యము నానబోసి, తడిపిండి ఆడించి, నువ్వులు, వాము, ఉప్పు కలిపి, పరచిన గుడ్డమీద వ్రేళ్ళతో పిండిని మెలిపెట్టుచు చుట్లు చుట్టవలెను. ఒక ఇంటి సకినాలకు నాలుగిండ్ల స్త్రీలు వత్తురు. నా మొదటి సకినము నత్తగుల్లవలె వంకర పోయినది. నాలుగవ పండుగ చూడకయే వచ్చితిని గాని, మూడవ సంక్రాంతికి నాలుగు చుట్లు తెగకుండ త్రిప్పగలిగితిని. ఉగాదికి మా ఇంటి పచ్చడి చెంచాతో తినదగినంత చిక్కన. వారి పచ్చడి కొత్త కుండలో కలిపి గ్లాసులతో త్రాగునంత పలుచన. రెండింటను వేపపూవు చేదు ఒక్కటే.

2024 మార్చిలో, శివరాత్రినాడు, వేయి స్తంభముల గుడి కల్యాణమండపము మరల తెరచిరి. దానిని బాగుచేయుటకు 2006లో విప్పిరి. స్తంభములు, దూలములు విడదీసి, పునాది సరిచేసి, తిరిగి నిలుపుటకు పదునెనిమిదేండ్లు పట్టినది. పిల్ల పుట్టకముందే విప్పిన మండపము. పిల్ల దానిని నిలిచియుండగా చూచుట అదే మొదటిసారి. రెండు జాముల వరకు ఆ స్తంభముల నడుమ తిరిగినది.

మే నెలలో నేను రాజమహేంద్రవరమునకు బయలుదేరితిని. నోటు పుస్తకములు రెండయినవి. ఒకటి పిల్ల ఉంచుకొన్నది, ఒకటి నాకిచ్చినది. వృద్ధురాలు గుమ్మమునకు వచ్చి, అరువది దాటిన నా తల నిమిరి, “పైలంగ పోయి రా బిడ్డా” అన్నది. మా అమ్మ పోయిన తరువాత నన్ను బిడ్డా యన్నవారు లేరు.

మా ఊరి సంతలో మొన్న అలవాటు చొప్పున పుంటికూర ఉన్నదా యని అడిగితిని. అమ్మునామె తెల్లబోయి, అదేమి కూరండీ అన్నది. గోంగూరకే మరియొక పేరని చెప్పితిని. ‘మన పేరు కాదు గదండీ’ యన్నది. మనదే నమ్మా యంటిని.