లీకు సెన్సారు బ్యాటరీ: శాతము చూపు అంకెను ఎంతవరకు నమ్మవచ్చును?



మిద్దె మీద నీళ్ల ట్యాంకు, దాని క్రింది గదిలో విత్తనపు బస్తాలు ఉన్న ఇండ్లు మన పల్లెలలో చాలా ఉన్నవి. గొట్టపు అతుకు వద్ద రాత్రివేళ నీరు కారినచో, తెల్లవారుసరికి అడుగు వరుస బస్తాలు తడిసియుండును. మామూలు సంచులలో నిలువచేయు వరి విత్తనములో తేమ 13 శాతమును, వేరుసెనగ విత్తనములో 9 శాతమును మించరాదని విత్తన ధ్రువీకరణ ప్రమాణములు చెప్పుచున్నవి. తడిసిన బస్తాను ఎండబోసి తేమను ఆ అంకెకు దించవచ్చును గాని, పోయిన మొలకశక్తిని తిరిగి తేలేము.

ఇందుకొరకే కొందరు రైతులు లీకు సెన్సారు అను చిన్న పరికరమును ఇండ్లలో ఉంచుకొనుచున్నారు. అది అరచేతిలో ఇమిడే డబ్బా. దాని అడుగున రెండు లోహపు మొనలుండును. నీరు ఆ రెంటిని కలిపినప్పుడు స్వల్పముగా విద్యుత్తు ప్రవహించి, పరికరము మేల్కొని, ఇంటిలోనే ఉంచిన హబ్బు అను పెట్టెకు వైర్‌లెస్ ద్వారా కబురు పంపును. ఆ పెట్టె మీ సెల్ ఫోనుకు తెలుపును. ఇదంతయు చిన్న బ్యాటరీ మీద నడచును. ఆ బ్యాటరీ ఎంత మిగిలినదో ఫోనులో శాతములలో కనిపించును. చిక్కు అంతయు ఈ శాతముతోనే. 100 చూపుచున్న పరికరము మరునాడే మూగబోవును. క్రొత్త బ్యాటరీ వేసినను ఒక్కొక్కప్పుడు 50 మాత్రమే చూపును.

డ్రమ్ములో పుల్ల ముంచి డీజిలును కొలిచినట్లు బ్యాటరీలో మిగిలిన శక్తిని కొలుచుటకు ఈ చిన్న పరికరములలో సాధారణముగా ఏర్పాటు లేదు. అది వోల్టేజిని మాత్రమే చూచి, తయారు చేసినవారు ఇచ్చిన పట్టికనుబట్టి శాతమును ఊహించును. కనుక పట్టిక ఏ రకపు బ్యాటరీకి వ్రాయబడినదో ఆ రకమునే వేయవలెను.

రూపాయి బిళ్లవలె ఉండు 3 వోల్టుల లిథియం బ్యాటరీ తన ఆయుష్షులో ఎక్కువ భాగము 3 వోల్టుల దగ్గరనే నిలిచి, చివరలో త్వరగా పడిపోవును. అందుచేత నెలల తరబడి అంకె కదలదు, కదలినపుడు ఆగదు. దీని విషయములో 20 శాతము వచ్చువరకు వేచియుండవద్దు. దిగుట మొదలైన వారములోనే మార్చవలెను. టార్చిలైటులో వేయు మామూలు ఆల్కలైను బ్యాటరీ 1.5 వోల్టుల నుండి క్రమముగా దిగును గనుక, దాని శాతము కొంత నమ్మదగినది. అదే పరికరములో తిరిగి ఛార్జి చేయు నికెలు రకము వేసినచో, దాని వోల్టేజి సుమారు 1.2 మాత్రమే గనుక, నిండుగా ఉన్నను తక్కువ చూపును. 1.5 వోల్టుల లిథియం రకము వేసినచో చివరివరకు 100 చూపి ఒక్కసారిగా ఆగిపోవును. పాత, క్రొత్త బ్యాటరీలను కలిపి వేయరాదు.

క్రొత్త బ్యాటరీకి 50 చూపుటకు ఇంకొక కారణమున్నది. జిగ్‌బీ అను వైర్‌లెస్ పద్ధతిలో పరికరము అర శాతము చొప్పున లెక్కించి, నిండుకు 200 అని పంపవలెను, హబ్బు దానిని సగము చేసి చూపును. కొన్ని పరికరములు 100 అనియే పంపును. అప్పుడు సగము 50 అగును. ఇది లెక్కల తేడాయే గాని బ్యాటరీ దోషము కాదు. దుకాణమునకు పోయి తగవు పడనక్కరలేదు. హబ్బు సాఫ్ట్‌వేరును క్రొత్తది చేసినచో తరచుగా సరిపడును.

అన్నిటికంటె అపాయకరమైనది నిలిచిపోయిన అంకె. పొదుపు కొరకు సెన్సారు ఎక్కువ కాలము నిద్రపోయి, కొన్ని గంటలకో రోజుకో ఒకసారి మాత్రమే బ్యాటరీ సంగతి పంపును. అందుచేత బ్యాటరీ మార్చిన వెంటనే పాత అంకెయే కనిపించవచ్చును. డబ్బాపై బొత్తాము నొక్కి మేల్కొలిపి, ఒక రోజు వేచి చూడుడు. అయితే సెన్సారు చనిపోయినను చివరిసారి పంపిన 100 శాతము ఫోనులో అట్లే నిలిచియుండవచ్చును! కనుక శాతమును గాక, చివరి కబురు ఎప్పుడు వచ్చినదో ఆ సమయమును చూడవలెను. రెండు రోజులు దాటినచో వెంటనే పరీక్షింపుడు.

మీటరు పెట్టి చూచితిమి, 3 వోల్టులున్నవి అని కొందరు అందురు. మోటారు ఆపియున్నపుడు స్టార్టరు వద్ద వోల్టేజి బాగుండి, మోటారు వేయగానే పడిపోవుట మీరు ఎరిగినదే. ఇదియు అంతే. నీరసించిన బ్యాటరీ ఊరక ఉన్నపుడు మంచి వోల్టేజి చూపి, కబురు పంపు క్షణములో చతికిలబడును.

బ్యాటరీ మాటిమాటికి అయిపోవుచున్నచో హబ్బు ఎంత దూరమున్నదో చూడుడు. ఇనుప రేకుల గదిలో, మందపు రాతిగోడల వెనుక ఉన్న సెన్సారు ఒకే కబురును పలుమార్లు పంపవలసివచ్చును. కరెంటు పోయి హబ్బు ఆగినపుడు, చాలా సెన్సారులు దానిని వెదకుచు బ్యాటరీని ఖర్చుచేయును. హబ్బును, ఇంటర్నెట్టు పెట్టెను ఇన్వర్టరుకు కలుపుట మంచిది. కరెంటు లేని రాత్రి కబురు అందుటకైనను అది అవసరమే. ఆ గదిలో యూరియా బస్తాలు ఉంచకుడు. ఆ పొడి గాలిలోని తేమను పీల్చి మొనల మధ్య చెమ్మగా నిలిచినచో, నీరు లేకున్నను సెన్సారు మోగుచు బ్యాటరీని హరించును. బ్యాటరీ తాకు స్ప్రింగులకు పచ్చని చిలుము పట్టినచో పొడిగుడ్డతో గట్టిగా తుడువుడు. కొన్ని బిళ్ల బ్యాటరీలకు పిల్లలు నోట పెట్టకుండ చేదు పూత పూయుదురు. ఆ పూత వలన కూడ స్పర్శ సరిగా కుదరకపోవచ్చును.

నెలకొకసారి పరీక్ష చేయుడు. మీ ట్యాంకు నీటితోనే గుడ్డ తడిపి రెండు మొనలను కలుపునట్లు ఆనించుడు. బోరునీటిలో లవణములుండుట వలన సెన్సారు త్వరగా మోగును, వాననీటిలో అంత త్వరగా మోగకపోవచ్చును. ఫోనుకు కబురు వచ్చినదా, ఎంతసేపటికి వచ్చినది అని చూచి, మొనలను ఆరదుడిచి మరల ఉంచవలెను.

తీసివేసిన బిళ్ల బ్యాటరీని కిటికీలోనో గూటిలోనో పడవేయకుడు. చిన్నపిల్ల మింగినచో అది గొంతులో చిక్కుకొని, రెండు గంటలలోనే అన్ననాళమును కాల్చగలదు. వాంతి చేయించు ప్రయత్నములు మాని, తక్షణమే ఆసుపత్రికి తీసుకొనిపోవలెను.