పక్కన ఇంకో కుర్చీ



అధ్యక్షుడిగా ఎన్నుకున్నందుకు కృతజ్ఞతలు చెప్పుకోవడం ఆనవాయితీ. చెప్పుకున్నాను. ఇక పని సంగతి.

నేను పీజీ చదువుతున్న రోజుల్లో కొల్లేటి లంక గ్రామం నుంచి ఏడేళ్ళ పిల్లాణ్ణి వాళ్ళ నాయనమ్మ ఎత్తుకొచ్చింది. నడినెత్తిన నిమ్మకాయంత గడ్డ, మెత్తగా, చిత్తడిగా. చుట్టూ జుట్టు ఊడిపోయింది. ఊళ్ళో పేనుకొరుకుడన్నారట, గురివింద గింజ అరగదీసి రాశారు. నేను చీముగడ్డ అనుకుని కత్తి పెట్టాను. రావలసినంత చీము రాలేదు, నెత్తురు వచ్చింది.

మా చీఫ్ అరవలేదు. గడ్డ అంచున రెండు వెంట్రుకలు పీకించి, స్లైడు మీద పెట్టి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి, తన కుర్చీ పక్కకి ఇంకో కుర్చీ లాగి "కూర్చోవయ్యా" అన్నారు. బూజు తీగ కనిపించిందని నేను సంబరపడ్డాను. అది బట్ట పోగు. అసలు సంగతి వెంట్రుకలో ఉంది, సన్నటి పూసల్లా. అది నా కంటికి ఆనేలా చేయడానికి ఆయనకి నలభై నిమిషాలు పట్టింది. బయట ఓపీలో జనం నిలబడే ఉన్నారు. పిల్లాడికి తల తామర ముదిరి కేరియన్ అనే వాపుగడ్డ అయింది. గ్రిసియోఫుల్విన్ ఎనిమిది వారాలు వాడాక జుట్టు వచ్చింది, నేను కోసిన చోట తప్ప.

పరిశోధనలో నాకు దొరికిన శిక్షణ ఆ నలభై నిమిషాలే. తరవాత చదివిన స్టాటిస్టిక్సు అంతా దానికి అనుబంధం.

పిల్లల బూజు జబ్బులకు మన ఊళ్ళలో పేర్లకు కొదవ లేదు: నోటిపూత, శోభి, తామర. పేరు ఉంది కాబట్టి జబ్బు తెలిసిపోయిందనుకుంటాం. తామరనే తీసుకోండి. మందుల షాపులో ఇచ్చే స్టిరాయిడ్ కలిసిన ట్యూబు రాస్తే రెండు రోజుల్లో దురద తగ్గుతుంది, తామర మాత్రం చాపకింద నీరులా పాకుతుంది. తండ్రి నుంచి తల్లికి, తల్లి నుంచి చంకలో పిల్లకి. టెర్బినాఫిన్‌కి లొంగని ఈ తామర శిలీంధ్రానికి 2020లో ట్రైకోఫైటన్ ఇండోటీనియే అని పేరు పెట్టారు, మన దేశం పేరు కలిసేలా. పెట్టినవాళ్ళు జపాన్ పరిశోధకులు, అక్కడ ఉంటున్న ఒక భారతీయుడి నుంచి, ఒక నేపాలీ నుంచి తీసిన నమూనాలతో. పుట్టిల్లు మనది, బారసాల అక్కడ. ఇక్కడ రోజుకి పదిమందిని చూసే మనం ఒక్క నమూనా కూడా దాచుకోలేదు.

మందుకి లొంగకపోవడం పొలంలోనూ మొదలవుతుంది. తాడేపల్లిగూడెం నుంచి వచ్చినవాళ్ళకి వరి సంగతి నేను చెప్పనక్కర్లేదు. పాముపొడ తెగులుకి హెక్సాకొనజోల్, ప్రొపికొనజోల్ కొడతారు. మనం వార్డులో ఇచ్చే ఇట్రాకొనజోల్, వొరికొనజోల్ వాటికి జ్ఞాతులే. శిలీంధ్రంలో ఇవన్నీ దెబ్బ కొట్టేది ఒకే ఎంజైమును. పొలంలో ఆ దెబ్బకి తట్టుకుని బతికిన ఆస్పర్‌జిల్లస్ అనే బూజు ఆసుపత్రిలోనూ తట్టుకోగలదు. 2012లో శాస్త్రవేత్త అనురాధా చౌధరి బృందం అలాంటి రకాలు మన దేశపు మట్టిలో ఉన్నాయని చూపించింది. అగ్గి తెగులుకి కొట్టే ట్రైసైక్లజోల్‌ని, పేరు కలిసిందని, ఈ లెక్కలో వేయకండి. అది పనిచేసే దారి వేరు. ఒక పీజీ ప్రోటోకాల్‌లో ఈ పొరపాటు చూశాను. కింద గైడు సంతకం ఉంది.

వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. ఏలూరులో ఆశ్రం వైద్య కళాశాల ఉంది, 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల కూడా వచ్చింది. మధ్య దూరం గట్టిగా గంట ప్రయాణం. గడ్డివాము దుమ్ములో ఏ ఆస్పర్‌జిల్లస్ ఉందో, అది ఏ మందుకి లొంగుతుందో చూడడానికి ఆ గంట ప్రయాణం చాలు.

ఆ దుమ్ముతో ఎక్కువ ప్రమాదం లుకేమియా పిల్లలకి. ఇక్కడ మన భీమవరం ప్రస్తావన తప్పదు. 1895లో అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి లెడర్లే కంపెనీ బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌తోనే 1948లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు 16 మంది లుకేమియా పిల్లలకి చికిత్స చేసి, 10 మందిలో తాత్కాలికంగా గుణం చూపించాడు. నేటి కీమోథెరపీ ఆ బాటలో వచ్చిందే. ఆ మందులతో తెల్లకణాలు పడిపోయిన వారాల్లోనే బూజు ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. అప్పుడు నరానికి ఎక్కించే వొరికొనజోల్ పెద్దవాళ్ళకి పూటకి కిలోకి 4 మిల్లీగ్రాములైతే, రెండేళ్ళు దాటిన చిన్నపిల్లలకి 8 కావాలి. వాళ్ళ కాలేయం మందుని అంత తొందరగా ఖర్చు చేస్తుంది. పెద్దల లెక్కని కుదించి పిల్లలకి వాడితే సరిపోదని ఎవరో పిల్లల రక్తంలో కొలిచి చూశారు కాబట్టే తెలిసింది.

సుబ్బారావు గారిని ఒంటరి మేధావిగా చెప్పుకోవడం మనకి ఇష్టం. కానీ రక్తంలో భాస్వరం కొలిచే 1925 నాటి పద్ధతికి ఫిస్కే, సుబ్బారావు అని రెండు పేర్లుంటాయి. అన్నట్టు, 1953లో హెసెల్టైన్ అనే శాస్త్రవేత్త, మురుగునీరు శుద్ధిచేసే చోట దొరికిన ఒక కొత్త శిలీంధ్రానికి ఆయన పేరు మీద సుబ్బారోమైసిస్ అని పెట్టాడు. విగ్రహం కంటే నాకు ఆ బూజే ముచ్చట.

బూజుని వెతకడమూ ఒంటరి పని కాదు. చండీగఢ్ పీజీఐ ఆసుపత్రిలో 1996 నుంచి దాదాపు రెండేళ్ళపాటు పికియా అనోమలా అనే ఈస్టు 379 మంది పసికందుల, పిల్లల రక్తంలోకి చేరింది. వెతకగా వెతకగా అది సిబ్బంది చేతుల మీద దొరికింది. అలా వెతకడం ఒక్క రోజులో రాదు. అక్కడ తరాల తరబడి శిలీంధ్రాలు చూసేవాళ్ళు చూసేవాళ్ళని తయారుచేశారు. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వైద్యులు పదేళ్ళలో చూసిన 1,352 కంటి బూజు కేసులని 2002లో ప్రచురించగలిగారంటే, ప్రతి కంటి నుంచీ గీకి తీసిన నమూనాని స్లైడు మీద చూసే అలవాటు వల్లనే.

మరి నేర్పేవాళ్ళకి ఏమిస్తున్నాం? మన దగ్గర ఐసీఎంఆర్ 1979 నుంచి ఎంబీబీఎస్ విద్యార్థులకి చిన్న పరిశోధనలకి డబ్బిస్తోంది. పీజీలకి థీసిస్ తప్పనిసరి, మూడు నెలల జిల్లా రెసిడెన్సీ తప్పనిసరి. అన్నీ కుర్రవాళ్ళకే. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు కే24 అనే గ్రాంటు ఇస్తాయి. అది నడివయసు పరిశోధకుడి సమయంలో కొంత కొని, జూనియర్లకి నేర్పడానికి కేటాయించేందుకు. ఇక్కడ గైడు సమయానికి ఖరీదు కట్టినవాళ్ళు లేరు. అందుకే అది ఆఖరి వారంలో సంతకంగా మారుతుంది. రెండొందల పడకలు చూసే ప్రొఫెసర్‌ని తప్పు పట్టను. వారానికి రెండు గంటలు ఆయన్ని ఓపీ నుంచి తప్పించి, ఆ రెండు గంటలని డ్యూటీ పట్టీలో రాయమని మాత్రం అడుగుతున్నాను.

ఆ నేర్పు ఇక్కడే ఎందుకు ఉండాలంటారా? 2020 డిసెంబరులో ఇదే ఏలూరులో వందలమంది ఫిట్సుతో పడిపోయినప్పుడు ఎయిమ్స్, నీరి లాంటి సంస్థల బృందాలు తరలివచ్చాయి. ఎవరు ఎంత తొందరగా వచ్చినా, మొదటి గంటల్లో నెత్తురూ నీళ్ళూ పట్టి దాచాల్సింది ఊళ్ళో ఉన్నవాళ్ళే.

మధ్యాహ్నం భోజనాలయ్యాక పక్క గదిలో మైక్రోస్కోపు పెట్టిస్తున్నాం. ఎదురుగా రెండు కుర్చీలు. ఒక దాంట్లో పీజీ, రెండోదాంట్లో వాళ్ళ గైడు. ఒక్కరే వస్తే కూర్చోనివ్వం. పన్నెండు స్లైడులున్నాయి. వాటిలో మూడు బట్ట పోగులు.