ఐఫోన్‌ని పడగొట్టిన 'జ్ఞా': తప్పు అక్షరానిదా, కోడ్‌దా?

అలిపిరి నుంచి మన టెక్ పంచాయితీ మళ్ళీ మొదలు. ఈరోజు కేసు పాతదే: ఐఫోనా, ఆండ్రాయిడా? అయ్యో, అప్పుడే స్క్రోల్ చేసేయొద్దప్పా! కెమెరా గురించి, బ్యాటరీ గురించి ఒక్క ముక్క మాట్లాడను. ఈ గొడవ మధ్యలోకి ఒకసారి మన తెలుగు అక్షరం వచ్చి నిలబడింది. ప్రపంచమంతా నవ్వింది, మనమూ నవ్వినాం. ఆ నవ్వులో ఒక విషయం పక్కకి పోయింది. ఈరోజు దాని గురించి చెప్తా.

ముందు మన వాతావరణం చెప్పనీండి. సాయంత్రం పూట గరుడ సర్కిల్ దగ్గర నలుగురు బీటెక్ పిల్లోళ్ళు టీ గ్లాసులు పట్టుకుని నిలబడినారంటే, పది నిమిషాల్లో మాట ఫోన్ల మీదికి రావాల్సిందే. ఒకడు ఐఫోన్‌కి ఇంకా ఈఎంఐ కడతా ఉంటాడు, కాబట్టి దాన్ని సమర్థించుకోక తప్పదు. ఇంకొకడు "నాది మన శ్రీసిటీ ఫోన్ మచ్చా, పక్కా లోకల్" అంటాడు. వాడి మాటలో నిజం లేకపోలేదు. షావోమీ మన దేశంలో తయారుచేయించిన మొదటి ఫోన్ రెడ్‌మీ 2 ప్రైమ్, 2015 ఆగస్టులో శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ ప్లాంట్ నుంచే వచ్చింది. మూడోవాడు మాత్రం "యాడ కొన్నా, ఎంతకి కొన్నా, దర్శనం క్యూలోకి పోయే ముందు రెండూ కౌంటర్లో ఇచ్చేయాల్సిందే కదరా" అని కేసు కొట్టేస్తాడు. తిరుమలలో ఐఓఎస్‌కీ ఆండ్రాయిడ్‌కీ ఒకటే రూలు.

సరే, 2018 ఫిబ్రవరికి పోదాం. ఐఫోన్ టెన్ వచ్చి అప్పటికి మూడు నెలలు. మన దేశంలో 89,000 రూపాయల దగ్గర మొదలైంది దాని ధర. ఐఫోన్లలో ఐఓఎస్ 11.2.5 నడుస్తా ఉంది. ఉన్నట్టుండి ఒక వార్త: ఒక్క తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే చాలు, ఆ యాప్ ఢమాల్! వాట్సాప్, మెసేజెస్, సఫారీ, ట్విట్టర్, అన్నీ పడిపోయినాయి. అదే అక్షరం నోటిఫికేషన్‌లో కనపడిందంటే ఇంకా ఘోరం. హోమ్ స్క్రీన్ నడిపే ప్రోగ్రామే పడిపోయేది, కొన్ని ఫోన్లయితే ఆన్ అవ్వడం, ఆగడం, మళ్ళీ ఆన్ అవ్వడం. ఆ అక్షరమే 'జ్ఞా'.

గమ్మత్తు చూడండి. జ్ఞానంలో జ్ఞా, జ్ఞాపకంలో జ్ఞా. ఇక్కడి నుంచి గంట ప్రయాణం చేస్తే శ్రీకాళహస్తి. అక్కడ అమ్మవారి పేరే జ్ఞానప్రసూనాంబ. జ్ఞానమ్మ, జ్ఞానప్రకాష్, జ్ఞానశేఖర్ లాంటి పేర్లు మన పక్క వీధికొకటి ఉంటాయి. అంటే కాలిఫోర్నియాలో ఎవరికీ పరిచయం లేని ఆ అక్షరం మన జిల్లాలో బస్సు బోర్డు మీద, హోటల్ బోర్డు మీద, ఆటో వెనకాల కనపడే అక్షరం.

ఇంక ఆండ్రాయిడ్ బ్యాచ్‌కి దొరికింది పండగ. "లక్ష రూపాయల ఫోన్‌కి జ్ఞానం పడలేదు" అని ఒకడు. "అజ్ఞానంతో నడిచే ఫోన్" అని ఇంకొకడు. ఐఫోన్ ఉన్న ఫ్రెండ్‌కి ఆ అక్షరం పంపడం, వాడు ఫోన్ పట్టుకుని గింజుకుంటా ఉంటే వీళ్ళు నవ్వుకోవడం. దాన్నుంచి బయటపడే ఉపాయం కూడా నవ్వొచ్చేదే: ఇంకెవరినైనా మెసేజ్ పంపమని బతిమాలుకోవాలి. ఆ కొత్త మెసేజ్ ద్వారా యాప్ లోపలికి దూరి, అక్షరం వచ్చిన చాట్ మొత్తం డిలీట్ చేయాలి. మిగతా దేశాల వాళ్ళు కూడా మొదలుపెట్టినారు, "ఒక భారతీయ అక్షరం ఐఫోన్‌ని చంపుతోంది" అని.

ఇప్పుడు ఇంజనీర్ టోపీ పెట్టుకుంటా. రెండు నిమిషాలు ఓపిక పట్టండి, ఇదే అసలు మ్యాటర్.

మీ కంటికి 'జ్ఞా' ఒక్క అక్షరం. ఫోన్‌కి మాత్రం అది నాలుగు ముక్కలు: జ, దాని పొల్లు, తర్వాత ఞ, చివర దీర్ఘం. యూనికోడ్‌లో ప్రతి ముక్కకీ ఒక నంబర్ ఉంటుంది. తెలుగుకి అక్కడ 128 గళ్ళు కేటాయించినారు. ఆ నంబర్లు చూసి, 'పొల్లు ఉంది కాబట్టి రెండో హల్లుని వత్తుగా మార్చాలి, దాన్ని ఇక్కడ కూర్చోబెట్టాలి, దీర్ఘం అక్కడ తగిలించాలి' అని లెక్క వేసే ప్రోగ్రామ్ ఒకటి ఉంటుంది. ఐఫోన్‌లో దాని పేరు కోర్ టెక్స్ట్.

నాలుగు ముక్కల మామూలు 'జ్ఞా' టైప్ చేస్తే ఐఫోన్‌కి ఏమీ కాలేదు. ఇది చాలామందికి తెలియదు. పడగొట్టినదాంట్లో ఐదో ముక్క ఒకటి ఉంది, ఞకీ దీర్ఘానికీ మధ్యలో. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. కంటికి కనపడదు, చోటు ఆక్రమించదు. "పక్కపక్క అక్షరాలని కలపొద్దు" అని చెప్పే గుర్తు అది.

ఇదేదో హ్యాకర్ల సరుకు అనుకునేరు. మనం రోజూ వాడేదే. 'ఫేస్‌బుక్' అని రాసినప్పుడు స్ విడిగా, బు విడిగా కనపడాలంటే మధ్యలో ఆ గుర్తు ఉండాలి. లేకపోతే 'ఫేస్బుక్' అని బ వత్తు సకారం కిందికి దూరిపోతుంది. 'సాఫ్ట్‌వేర్' కూడా అంతే. కీబోర్డులో దాని కోసం ఒక మీట ఉంటుంది, లేదా కీబోర్డే తనంతట తాను పెట్టేస్తుంది. కాకపోతే జ్ఞా మధ్యలో దానికి ఏ పనీ లేదు. పని లేని చోట కనపడితే గమ్మున వదిలేయాలి. కోర్ టెక్స్ట్ అలా వదల్లేదు. లెక్క తప్పింది, ప్రోగ్రామ్ కూలింది.

అప్పట్లో మొజిల్లాలో పనిచేస్తున్న మనీష్ గోరేగావ్‌కర్ అనే ఇంజనీర్ దీన్ని విప్పి చూసి, ఒక వివరమైన వ్యాసం రాసినాడు. ఆయన చూపించింది ఏమిటంటే, ఈ జబ్బు ఒక్క జ్ఞాది కాదు. హల్లు, పొల్లు, ఇంకో హల్లు, ఆ కనపడని గుర్తు, తర్వాత అచ్చు గుర్తు, ఈ వరసలో వస్తే తెలుగులో బోలెడు అక్షరాలతో ఫోన్ పడుతుంది. బెంగాలీలో, దేవనాగరిలో కూడా కొన్నింటితో పడుతుంది. అంటే పాపం జ్ఞా ముందు దొరికింది, అంతే. దొరికినోడే దొంగ!

ఐఫోన్ బ్యాచ్ వాదన కూడా వినాలి కదా, పంచాయితీ అంటే రెండు పక్కలూ వినాలి. వాళ్ళు ఏమంటారంటే, ఆపిల్ 2018 ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 వదిలి దీన్ని సరిచేసింది. అప్పటికి నాలుగేళ్ళు దాటిన మోడల్ అయిన ఐఫోన్ 5ఎస్‌కి కూడా అదే రోజు ఇచ్చింది. ఆరోజుల్లో మన ఆండ్రాయిడ్ ఫోన్లకి అప్‌డేట్ ఎప్పుడొచ్చేదో మీకు తెలుసు. ఈ పాయింట్ ఐఫోన్‌కి ఇచ్చేద్దాం.

ఆండ్రాయిడ్ వాళ్ళ వంతు 2020లో వచ్చింది. ఒక అందమైన సరస్సు ఫొటో, అమెరికాలో గ్లేసియర్ నేషనల్ పార్క్‌లో తీసింది. దాన్ని వాల్‌పేపర్‌గా పెట్టుకుంటే ఆండ్రాయిడ్ 10 ఉన్న కొన్ని శాంసంగ్, పిక్సెల్ ఫోన్లు ఆగకుండా ఆన్ ఆఫ్, ఆన్ ఆఫ్. కారణం వింటే ఫస్టియర్ వాళ్ళకి కూడా అర్థమవుతుంది. వెలుగు లెక్క కోసం 0 నుంచి 255 దాకా గళ్ళు పెట్టుకున్నారు. ఈ ఫొటో రంగుల పద్ధతి వేరు కావడంతో, రౌండింగ్‌లో ఒకచోట లెక్క 256 వచ్చింది. ఆ గడి లేదు. ఫోన్ క్రాష్. కాబట్టి రెండు బ్యాచ్‌లూ కాలర్ ఎగరేయడం ఆపండి.

ఇప్పుడు ఒక పోలిక చూడండి. 2015 మేలో అరబిక్ అక్షరాలున్న ఒక మెసేజ్‌తో ఐఫోన్లు పడినాయి. 2018లో తెలుగు. 2020 ఏప్రిల్‌లో సింధీ అక్షరాలు, ఇటలీ జెండా ఎమోజీ కలిసిన మెసేజ్. మరి ఇంగ్లీష్ కీబోర్డు మీదుండే గుర్తులతో ఎప్పుడూ పడలేదా? పడినాయి. 2024 ఆగస్టులో రెండు కొటేషన్ గుర్తులు, రెండు కోలన్లు సెర్చ్‌లో కొడితే ఐఫోన్ హోమ్ స్క్రీన్ పడిపోయింది. అప్పుడు నేను చూసినంతలో "ఇంగ్లీష్ ఐఫోన్‌ని చంపింది" అని ఒక్కరూ అనలేదు. అది "సాఫ్ట్‌వేర్ బగ్" అయింది. కొటేషన్ గుర్తుతో పడితే తప్పు కోడ్‌ది. జ్ఞాతో పడితే తప్పు అక్షరానిదా? ఇదెక్కడి న్యాయం సామీ!

జోకులు వేసుకోవద్దని నేను చెప్పడం లేదు. "ఫోన్‌కి జ్ఞానం పడలేదు" జోక్‌కి నేనూ గట్టిగానే నవ్వినా. జోక్ అయిపోయినాక ఒక ప్రశ్న అడగాలి, అంతే: దీన్ని ముందే ఎవరూ ఎందుకు పరీక్షించలేదు? 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలోనే తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు 8 కోట్ల మంది పైన. ఇంతమంది రాసే లిపి టెస్టింగ్‌లో 'ఎప్పుడో వచ్చే అరుదైన కేసు' అయిపోతే, అది వాళ్ళ లోపం. సగం మన లోపం కూడా ఉంది, ఎందుకంటే మనలో చాలామంది తెలుగు మాటని ఇంగ్లీష్ అక్షరాల్లోనే కొడతాం. "ఎక్కడున్నావ్ రా" అనే దాన్ని పదిమంది పది స్పెల్లింగులతో కొడతారు. నిజానికి జ్ఞా సరిగ్గా టైప్ చేయమంటే మన గ్యాంగ్‌లో సగం మందికి 'గ్నా' వస్తుంది, మిగతా సగానికి 'జ్నా' వస్తుంది. ఆ లెక్కన ఐఫోన్లని కాపాడింది మన స్పెల్లింగే!

మరి మన ఆండ్రాయిడ్‌లో, క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో వత్తులు సరిగ్గా కూర్చుంటున్నాయి కదా, అది ఎవరి పుణ్యం? హార్ఫ్‌బజ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ది. దాన్ని ఇప్పటి రూపానికి తెచ్చింది బెహ్దాద్ ఎస్ఫాబోద్ అనే ఇరాన్ మూలాలున్న ఇంజనీర్. ఆ పేరు కూడా పర్షియన్ మాటల నుంచే తీసుకున్నారు. తెరిచిన అక్షరం అని అర్థం. పర్షియన్‌లోనూ అక్షరాలు కలిసి రూపం మారతాయి. తన లిపితో ఆ కష్టం తెలిసినవాడు చేసిన పని మన వత్తులకి కూడా దారి చూపింది. మన దగ్గరా అలాంటివాళ్ళు ఉన్నారు. తిరుమల కృష్ణ దేశికాచారి పోతన, వేమన ఫాంట్లు చేసి ఇచ్చినారు. వీవెన్ 'లేఖిని' చేసి ఇచ్చినారు. ఎవరూ ఐఫోనా ఆండ్రాయిడా అని కొట్టుకుంటా కూర్చోలేదు.

ఇంకా పని చాలా మిగిలింది. తెలుగులో థంబ్‌నెయిల్ చేసేవాళ్ళని అడగండి, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో సరైన సెట్టింగ్ వెతికేదాకా వత్తు కిందికి దిగదు, పక్కన నిలబడి చూస్తా ఉంటుంది. పాత డీటీపీ ఫాంట్లలో చేసిన పీడీఎఫ్ నుంచి తెలుగు కాపీ చేస్తే పిచ్చి గీతలు వస్తాయి. పెళ్ళి పత్రికలో తప్పొస్తే నవ్వుకుంటాం. అదే జ్ఞానమ్మ అనే ఒక ముసలావిడ పేరు పింఛన్ కాగితంలో ఒక రకంగా, బ్యాంకు పుస్తకంలో ఇంకో రకంగా పడితే, ఆఫీసుల చుట్టూ తిరగాల్సింది ఆమే. అక్కడ జోక్ లేదు.

అందుకే ఈ ఎపిసోడ్ నుంచి మీకు చిన్న హోంవర్క్. ఈ వారం ఒక్కరికైనా తెలుగు లిపిలో మెసేజ్ పెట్టండి. మొదట్లో వేళ్ళు తిరగవు, నాలుగు రోజులకి అలవాటైపోతుంది. ఏదైనా యాప్‌లో తెలుగు విరిగి కనపడితే స్క్రీన్‌షాట్ తీయండి. ఫోన్ మోడల్, యాప్ వెర్షన్, తప్పుగా కనపడిన మాట, ఈ మూడూ రాసి, సెట్టింగ్స్‌లో ఫీడ్‌బ్యాక్ అని ఉంటుంది కదా, అక్కడ పంపండి. "మీ యాప్ చెత్త" అని ఒక్క స్టార్ ఇస్తే డెవలపర్‌కి కోపం వస్తుంది. ఈ మూడు వివరాలు ఇస్తే పని అవుతుంది. అటువైపు కూర్చుని పనిచేసినోడిగా చెప్తున్నా, నమ్మండి.

ఐఫోనా, ఆండ్రాయిడా అనే తీర్పు మాత్రం ఈరోజు కూడా వాయిదా. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. నచ్చితే షేర్ చేయండి. నచ్చకపోతే తిట్టండి, కాకపోతే తెలుగు లిపిలో తిట్టండి. ఉంటా మరి!